అమెరికాలో కాలేజీ అప్పు: డిగ్రీని, కాలేజీని బట్టి ముందే లెక్క కట్టడం ఎలా?

అమెరికాలో ఉన్న మన ఇళ్లలో పిల్లలు పన్నెండో తరగతికి వచ్చారంటే మాటలన్నీ ఏ కాలేజీ, ఏ మేజర్ అన్న వాటి చుట్టూనే తిరుగుతాయి. అప్పు సంగతి ఏప్రిల్‌లో ఆఫర్ లెటర్లు చేతికొచ్చాక గానీ ఎవరికీ గుర్తు రాదు. అప్పటికి పిల్ల ఆ కాలేజీ టీషర్ట్ కూడా కొనేసుకుని ఉంటుంది. ఇక అప్పుడు వేసే లెక్క, తీసుకున్న నిర్ణయానికి సరిపెట్టడానికి వేసేదే. ఆ లెక్క అంతకంటే ముందే, అప్లికేషన్లు పెట్టే కాలేజీల జాబితా తయారుచేసేటప్పుడే వేసుకోవాలి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. బ్యాచిలర్స్ వరకు ఇంటి మీద పడే మొత్తం అప్పు ఎంతవుతుందన్నది చాలావరకు కాలేజీ రకాన్ని బట్టి ఉంటుంది. అది దాటాక మాత్రం డిగ్రీని బట్టి మారిపోతుంది. ఎందుకలా అన్నది రెండో, ఏడో అడుగుల దగ్గర తెలుస్తుంది.

1. ఇంట్లో ఎవరికి ఏ లోన్ వస్తుందో చూసుకోండి

చాలామంది ఈ అడుగు దాటేస్తారు. మన కుటుంబాల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది. ఫెడరల్ స్టూడెంట్ లోన్ సిటిజన్లకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, ఇంకా శరణార్థుల వంటి కొన్ని వర్గాలకు మాత్రమే ఇస్తారు. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు రాదు, ఎఫ్-1 మీద వచ్చినవాళ్లకూ రాదు.

పిల్లవాడు అమెరికాలోనే పుట్టి, తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉంటే? పిల్లవాడు ఫాఫ్సా (ఫెడరల్ సాయం కోసం పెట్టే దరఖాస్తు) నింపి తన పేరు మీద లోన్ తీసుకోవచ్చు. తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్ మాత్రం రాదు, దానికి తల్లికో తండ్రికో కూడా అర్హత ఉండాలి. ఇలాంటప్పుడు పిల్లవాడికే అదనంగా అన్‌సబ్సిడైజ్డ్ లోన్ ఇవ్వగలరేమో కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగండి. నిర్ణయం వాళ్లదే, కానీ అడక్కుండా ఎవరూ ఇవ్వరు.

హెచ్-4 పిల్లలకు రెండు దారులున్నాయి. ఒకటి, మీ రాష్ట్రంలో ఇన్-స్టేట్ ట్యూషన్ (సొంత రాష్ట్రం పిల్లల దగ్గర తీసుకునే తక్కువ ఫీజు) వర్తిస్తుందేమో చూడటం. చాలా రాష్ట్రాల్లో వర్తిస్తుంది. రెండు, కాలేజీ తన సొంత డబ్బుతో ఇచ్చే స్కాలర్‌షిప్పులు. ప్రైవేట్ లోన్‌కి పోతే సాధారణంగా సిటిజన్‌నో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనో కోసైనర్‌గా పెట్టమంటారు. బంధువుల్ని అడిగే ముందు వాళ్లకు ఒకటి స్పష్టంగా చెప్పండి: కోసైన్ అంటే ఉత్త సాక్షి సంతకం కాదు, అప్పు వాళ్లదీ అవుతుంది.

2. ఫెడరల్ పరిమితులు కాగితం మీద రాసుకోండి

తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, మూడు నాలుగు సంవత్సరాల్లో ఏడాదికి 7,500. నాలుగేళ్లకు కలిపి 27,000. ఏం చదివినా, ఎక్కడ చదివినా ఇంతే. బ్యాచిలర్స్ పూర్తిచేసిన అప్పుదారుల సగటు అప్పు, ఏ సంవత్సరం లెక్క చూసినా, నాలుగేళ్లకూ కలిపి 30 వేల డాలర్లకు అటూ ఇటూగా కనిపించడానికి పెద్ద కారణం ఈ పరిమితే. కంప్యూటర్ సైన్స్ పిల్లవాడికీ, చరిత్ర చదివే అమ్మాయికీ తమ పేరు మీదున్న అప్పులో పెద్ద తేడా ఉండదు. తేడా ఉండేది జీతంలోనూ, తల్లిదండ్రుల పేరు మీద పేరుకునే అప్పులోనూ.

బ్యాచిలర్స్‌కు మొత్తం పరిమితి 31,000 డాలర్లు. అంటే నాలుగేళ్లూ పూర్తిగా వాడుకుంటే ఐదో ఏడాదికి మిగిలేది 4,000 మాత్రమే. ఆర్కిటెక్చర్‌లో బి.ఆర్క్ మామూలుగానే ఐదేళ్లు. మధ్యలో మేజర్ మార్చినా, తప్పనిసరి కోర్సులో సీటు దొరక్కపోయినా ఇంజినీరింగ్ కూడా అక్కడికే వస్తుంది. ఆ ఏడాది ఖర్చుకు డబ్బు ఎక్కడినుంచి తెస్తారో ముందే అనుకోండి.

ఈ లోన్‌లో రెండు రకాలున్నాయి. సబ్సిడైజ్డ్‌కు చదువు నడిచినంత కాలం వడ్డీ ప్రభుత్వమే కడుతుంది. అన్‌సబ్సిడైజ్డ్‌కు మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇద్దరూ ఐటీలో పనిచేసే ఇంట్లో సబ్సిడైజ్డ్ దాదాపుగా రాదు, అది ఆదాయ అవసరాన్ని బట్టి ఇచ్చేది. 2025-26లో బ్యాచిలర్స్ లోన్ వడ్డీ 6.39 శాతం. సబ్సిడైజ్డ్ వచ్చిన విద్యార్థి కూడా పరిమితి మొత్తం వాడితే ఏటా కనీసం 2,000 డాలర్లు అన్‌సబ్సిడైజ్డ్ ఉంటుంది. ఇదే రేటు అనుకుంటే ఈ భాగం మీదే కట్టడం మొదలయ్యే నాటికి దాదాపు 1,300 డాలర్ల వడ్డీ కూడుతుంది. కొత్త లోన్‌లకు రేటు ఏటా మారుతుంది. మే నెల ట్రెజరీ వేలాన్ని బట్టి నిర్ణయించి జులై 1 నుంచి అమలు చేస్తారు. ఒకసారి తీసుకున్న లోన్‌కు మాత్రం రేటు స్థిరం.

3. జాబితాలోని కాలేజీలను రకాలుగా విడదీయండి

కాలేజీ బోర్డు లెక్క ప్రకారం 2024-25లో ట్యూషన్, ఫీజుల సగటు ఇలా ఉంది: కమ్యూనిటీ కాలేజీలో 4,050 డాలర్లు, సొంత రాష్ట్రపు నాలుగేళ్ల ప్రభుత్వ యూనివర్సిటీలో 11,610, అదే పరాయి రాష్ట్రం పిల్లలకు 30,780, ప్రైవేట్ నాన్-ప్రాఫిట్‌లో 43,350. వీటికి హాస్టల్, భోజనం, పుస్తకాలు కలపాలి. ఇవి బయటికి చెప్పే ధరలు. ప్రైవేట్ కాలేజీల్లో ఆ ధర మొత్తం కట్టేవాళ్లు తక్కువ, చాలామందికి కాలేజీయే కొంత తగ్గిస్తుంది.

ఈ అంకెల్లో మన వాళ్లు ఎక్కువగా బోల్తా పడేది మూడోదాని దగ్గర, అంటే పరాయి రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీ. ‘స్టేట్ యూనివర్సిటీయే కదా’ అనుకుంటాం. బయటి పిల్లల దగ్గర వసూలు చేసే ఫీజు ఆ యూనివర్సిటీకి ఆదాయ మార్గం. కాబట్టి అక్కడ అవసరాన్ని బట్టి పెద్ద సాయం ఆశించకండి. పడమటి రాష్ట్రాల్లో ఉంటే డబ్ల్యూయూఈ అనే ఒప్పందం ఉందేమో చూడండి. అందులో ఉన్న కాలేజీలు పొరుగు రాష్ట్రాల పిల్లల దగ్గర ఇన్-స్టేట్ ట్యూషన్‌కు ఒకటిన్నర రెట్లు మించి తీసుకోవు. ఏ మేజర్లకు వర్తిస్తుందన్నది కాలేజీని బట్టి మారుతుంది.

ప్రైవేట్ నాన్-ప్రాఫిట్ అన్న ఒకే పేరు కింద రెండు వేరు ప్రపంచాలున్నాయి. ప్రిన్స్‌టన్ 2001లోనే సాయంలో లోన్‌లు తీసేసి గ్రాంట్లు పెట్టింది. హార్వర్డ్ 2025-26 నుంచి ఏడాదికి 2 లక్షల డాలర్లు, అంతకంటే తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు ట్యూషన్ ఉచితం అంది. ఇంకోవైపు ఫీజుల మీదే బతికే చిన్న ప్రైవేట్ కాలేజీలున్నాయి. అవి 20 వేల డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చి సంబరపెడతాయి, అది పోను కట్టాల్సింది స్టేట్ యూనివర్సిటీ కంటే ఎక్కువే ఉంటుంది. అందుకే ప్రతి కాలేజీ సైట్‌లో ఉండే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో మీ ఆదాయం వేసి చూడండి. ఫెడరల్ సాయం తీసుకునే కాలేజీలు దాన్ని పెట్టడం 2011 నుంచి తప్పనిసరి. ఇద్దరి జీతాలున్న ఇంటికి చాలాచోట్ల పూర్తి ధరే చూపిస్తుంది. బాధగానే ఉంటుంది, కానీ అక్టోబర్‌లో తెలిస్తే జాబితా మార్చుకోవచ్చు.

కమ్యూనిటీ కాలేజీ అనగానే మన వాళ్ల ముఖం మారిపోతుంది. ‘నలుగురిలో ఎలా చెప్పుకుంటాం’ అన్నది తప్ప నాకైతే అందులో వేరే అభ్యంతరం కనిపించదు. న్యూజెర్సీలో హైస్కూల్ క్లాసులో పై 15 శాతంలో ఉన్నవాళ్లకు ఎన్‌జే స్టార్స్ కింద కౌంటీ కాలేజీ ట్యూషన్ ఉచితం. వర్జీనియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి పెద్ద యూనివర్సిటీలకు గ్యారంటీడ్ అడ్మిషన్ ఒప్పందాలున్నాయి, కాలిఫోర్నియాలో ట్రాన్స్‌ఫర్ కోసమే ప్రత్యేకమైన అసోసియేట్ డిగ్రీ ఉంది. ఒక్కటే జాగ్రత్త: ఏ కోర్సు అక్కడ ఏ కోర్సుకు సమానమో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే లిఖితపూర్వకంగా తెలుసుకోండి. క్రెడిట్లు పోతే ఆదా అయిన డబ్బు అదనపు సెమిస్టర్‌కు పోతుంది.

ఫర్-ప్రాఫిట్, అంటే లాభం కోసం నడిపే కాలేజీల గురించి ఎక్కువ చెప్పను. కొరింథియన్ కాలేజెస్ 2015లో, ఐటీటీ టెక్ 2016లో మూతపడ్డాయి, లక్షల మంది అప్పులు ఆ తర్వాత రద్దు చేయాల్సి వచ్చింది. టీవీ ప్రకటన చూసి నంబర్ ఇవ్వగానే రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసే కాలేజీ అయితే, ముందు అది ఏ రకమో కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ సైట్‌లో చూసుకోండి. అక్కడ స్పష్టంగా రాసి ఉంటుంది.

4. కాలేజీ సగటు కాదు, మీ మేజర్ లైను చూడండి

కాలేజ్ స్కోర్‌కార్డ్ విద్యాశాఖ నడిపే ఉచిత సైట్. కాలేజీ పేరు కొట్టి, కిందికి వెళ్లి ‘ఫీల్డ్స్ ఆఫ్ స్టడీ’ తెరవండి. మేజర్ వారీగా చదువు పూర్తిచేసినవాళ్ల మధ్యస్థ అప్పు, ఆ తర్వాతి సంపాదన పక్కపక్కనే ఉంటాయి. ఒకే యూనివర్సిటీలో నర్సింగ్, సైకాలజీ తీసి చూడండి. అప్పు అంకెలు చాలాసార్లు దగ్గరగానే ఉంటాయి, సంపాదన అంకెలు ఉండవు.

ఈ అంకెను చదివేటప్పుడు మూడు సంగతులు మనసులో పెట్టుకోండి. అప్పు తీసుకోనివాళ్లు ఈ లెక్కలో లేరు. చదువు మధ్యలో ఆపేసినవాళ్లు లేరు. ప్రైవేట్ లోన్‌లూ లేవు. పేరెంట్ ప్లస్ వేరుగా చూపిస్తారు, దానికోసం ఇంకో చోట నొక్కాలి. 22 వేల డాలర్ల మధ్యస్థ అప్పు చూసి ‘ఫర్వాలేదు’ అనుకునే ముందు, ఆ కాలేజీలో తల్లిదండ్రులు ఎంత తీసుకుంటున్నారో కూడా చూడండి.

మధ్యలో ఆపేసినవాళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. అప్పు కట్టలేక డిఫాల్ట్ అయ్యేవాళ్లు పెద్ద అప్పులున్న డాక్టర్లు, లాయర్లే అనుకుంటాం. నిజానికి 10 వేల డాలర్ల కంటే తక్కువ అప్పున్నవాళ్లే ఎక్కువగా డిఫాల్ట్ అవుతారు. ఏడాదో రెండేళ్లో చదివి డిగ్రీ లేకుండా బయటికొచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది ఉంటారు. డాక్టర్‌కు 2 లక్షల అప్పుంటే కట్టడానికి జీతముంటుంది. 7 వేల అప్పుండి డిగ్రీ లేనివాడికి ఆ జీతమే ఉండదు. కాబట్టి స్కోర్‌కార్డ్‌లో గ్రాడ్యుయేషన్ రేటును అప్పు అంకె కంటే ముందు చూడండి. అది నాలుగేళ్లది కాకుండా ఎక్కువ గడువు మీద లెక్కేసిన రేటు. ఆ వెసులుబాటు ఇచ్చాక కూడా సగం మంది పూర్తిచేయట్లేదంటే కారణం అడిగి తీరాలి.

2025 జులై 4న సంతకమైన చట్టం ఇక్కడ ఇంకో గీత గీసింది. బ్యాచిలర్స్ ప్రోగ్రామ్ చదివినవాళ్లు హైస్కూల్‌తో ఆపేసిన సాధారణ ఉద్యోగుల కంటే తక్కువ సంపాదిస్తుంటే, మూడేళ్లలో రెండుసార్లు అలా తేలితే, ఆ ప్రోగ్రామ్‌కు ఫెడరల్ లోన్ ఆగిపోతుంది.

5. ఆఫర్ లెటర్‌లో అప్పును వేరుచేయండి

ఉదాహరణకు ఒక లెటర్ ఇలా ఉందనుకోండి. ఏడాది మొత్తం ఖర్చు 46,000 డాలర్లు. స్కాలర్‌షిప్ 18,000. అన్‌సబ్సిడైజ్డ్ లోన్ 5,500. వర్క్-స్టడీ 2,500. పేరెంట్ ప్లస్ 20,000. కింద బోల్డ్‌లో: మీరు కట్టాల్సింది 0. నాన్నగారు ఊపిరి పీల్చుకుంటారు.

పెన్ను తీసుకుని స్కాలర్‌షిప్ తప్ప మిగతావన్నీ కొట్టేయండి. వర్క్-స్టడీ పిల్లవాడు పనిచేస్తేనే వచ్చే జీతం. మిగతా రెండూ అప్పులు. అసలు ధర 28,000. అందులో 25,500 అప్పు, ఒక్క ఏడాదికి.

ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. పేరెంట్ ప్లస్ లోన్‌లో ముందే ఫీజు కోసుకుంటారు, ఇటీవలి సంవత్సరాల్లో అది 4.228 శాతం. 20 వేలు తీసుకుంటే కాలేజీకి చేరేది సుమారు 19,150 మాత్రమే. 2025-26లో ఈ లోన్ వడ్డీ 8.94 శాతం. పైగా 2026 జులై 1 తర్వాత కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక్కో పిల్లవాడి మీద ఏడాదికి 20 వేలు, మొత్తం మీద 65 వేలు పరిమితి. ఏటా 20 వేల చొప్పున తీసుకుంటే మూడేళ్లకే 60 వేలవుతుంది. నాలుగో ఏడాదికి 5 వేలే మిగులుతాయి. 15 వేల లోటు సరిగ్గా ఆఖరి ఏడాదిలో వచ్చి పడుతుంది. అప్పుడు కాలేజీ మార్చలేం, ప్రైవేట్ లోన్ తప్ప దారి ఉండదు. ఫీజులు పెరగవని, స్కాలర్‌షిప్ ఆగదని అనుకున్నా వచ్చే లోటు ఇది. ఆ స్కాలర్‌షిప్‌కు ఎంత జీపీఏ నిలబెట్టాలో కూడా అదే లెటర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కొత్త పేరెంట్ ప్లస్ లోన్‌లకు ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్లు వర్తించవన్నది మర్చిపోకండి. యాభై దాటాక తీసుకునే అప్పు ఇది. పిల్లలు చదువుకు అప్పు తెచ్చుకోగలరు గానీ, మీ రిటైర్మెంట్‌కు మీకెవరూ లోన్ ఇవ్వరు.

6. నెలకు ఎంతో తేల్చండి

2025-26 రేట్లతో పదేళ్లలో తీర్చేలా అయితే ప్రతి 10 వేల డాలర్లకూ నెలకు ఇంతని గుర్తుపెట్టుకోండి: బ్యాచిలర్స్ లోన్‌కు 113 డాలర్లు, గ్రాడ్యుయేట్ లోన్‌కు 121, ప్లస్‌కు 126. పిల్లవాడి పేరు మీద 27 వేలుంటే నెలకు సుమారు 305. తల్లిదండ్రుల పేరు మీద 65 వేలుంటే దాదాపు 820. ఈ రెండూ కలిపి ఇంటి ఈఎంఐ పక్కన రాసుకుని చూడండి, కాలేజీ విషయంలో చర్చ తనంతట తనే నెమ్మదిస్తుంది.

2026 జులై నుంచి తీసుకునే లోన్‌లకు స్టాండర్డ్ ప్లాన్ గడువు అప్పును బట్టి మారుతుంది: 25 వేల లోపు పదేళ్లు, 50 వేల లోపు పదిహేనేళ్లు, లక్ష లోపు ఇరవై ఏళ్లు, ఆపైన ఇరవై అయిదేళ్లు. అదే 27 వేలకు పదిహేనేళ్లయితే నెలకు 234 డాలర్లే. బాగానే ఉందనిపిస్తుంది. మొత్తం కట్టేది మాత్రం 36,600 నుంచి 42,000కి పోతుంది. ముందుగా తీర్చేస్తే జరిమానా లేదు కాబట్టి, గడువు ఏదైనా పదేళ్ల లెక్కనే కట్టడం మంచిది.

7. మాస్టర్స్, డాక్టరేట్ అయితే లెక్క మొత్తం వేరు

ఇన్నాళ్లూ గ్రాడ్యుయేట్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ అనే లోన్ ఉండేది. కాలేజీ ఎంత చెబితే అంత ఇచ్చేవాళ్లు. డిగ్రీని బట్టి అప్పులు ఆకాశాన్ని తాకింది అక్కడే. అప్పు చేసి మెడిసిన్ పూర్తిచేసినవాళ్లకు సుమారు 2 లక్షల డాలర్లు, డెంటల్ వాళ్లకు సుమారు 3 లక్షల డాలర్లు నెత్తిన ఉంటున్నాయి. 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు గ్రాడ్ ప్లస్ లేదు. మామూలు గ్రాడ్యుయేట్ డిగ్రీకి ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్లు. మెడిసిన్, డెంటల్, లా వంటి ప్రొఫెషనల్ డిగ్రీలకు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు. అప్పటికే లోన్ తీసుకుని చదువుతున్నవాళ్లకు కొంతకాలం పాత నియమాలే నడుస్తాయి.

కాబట్టి మొదటి ప్రశ్న: మీ ప్రోగ్రామ్ ఏ గాటన పడుతుంది? ఇంజినీరింగ్ ఎంఎస్, ఎంబీఏ మామూలు గ్రాడ్యుయేట్ కిందికే వస్తాయి. నర్సింగ్, ఫిజికల్ థెరపీ వంటి ఆరోగ్య రంగపు డిగ్రీల విషయంలో పేరు చూసి ఊహించుకోవద్దు, ఎయిడ్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. రెండేళ్ల మాస్టర్స్‌కు ఫెడరల్‌గా దొరికేది 41 వేలు, ఖర్చు 90 వేలైతే మిగతాది ప్రైవేట్ లోనే. నా అభిప్రాయంలో అన్నింటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఖరీదైన పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీ ఇచ్చే, అసిస్టెంట్‌షిప్ (డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినందుకు ఇచ్చే సాయం) లేని మాస్టర్స్. అదే డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు సాధారణంగా ట్యూషన్ మాఫీతో పాటు స్టైపెండ్ కూడా ఇస్తారు. ఎక్కువ చదివేవాడికి తక్కువ అప్పు ఉండటం వింతగా అనిపిస్తుంది గానీ జరిగేది అదే.

మెడిసిన్ మీద ఆశ ఉంటే బ్యాచిలర్స్‌ను వీలైనంత చౌకగా ముగించండి. మొత్తం మీద ఒక మనిషి జీవితకాలంలో తీసుకోగల ఫెడరల్ స్టూడెంట్ లోన్‌కు ఇప్పుడు 2,57,500 డాలర్ల పరిమితి ఉంది. మెడికల్ కాలేజీల్లోనూ తేడా చాలా ఉంది. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో ఆ రాష్ట్రం వాళ్లకు ట్యూషన్ దేశంలోనే తక్కువ వాటిలో ఒకటి. ఎన్‌వైయూ 2018 నుంచి మెడికల్ విద్యార్థులందరికీ ట్యూషన్ తీసేసింది. జాన్స్ హాప్కిన్స్ 2024లో 3 లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాలకు అదే పని చేసింది.

8. సంతకం పెట్టేముందు, పెట్టాక

మే 1 లోపు ఎయిడ్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ రాయండి. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ అంతే ఉంటుందా, ఏ షరతుల మీద? గత మూడేళ్లలో ఫీజు ఏటా ఎంత పెరిగింది? మా మేజర్‌లో నాలుగేళ్లలో పూర్తిచేసేవాళ్లు ఎంతమంది? ఫోన్లో కాకుండా ఈమెయిల్‌లోనే అడగండి, జవాబు దాచుకోండి. ఉద్యోగం పోయినా, ఆదాయం తగ్గినా కాగితాలతో సహా చెప్పి సాయం మళ్లీ లెక్కించమనండి. ఫాఫ్సాలో ఉండేది రెండేళ్ల కిందటి ఆదాయం కాబట్టి ఆ సంగతి మీరు చెబితే తప్ప వాళ్లకు తెలియదు.

ఆఫర్ చేసిన లోన్ మొత్తం తీసుకోవాలని రూలేం లేదు. 5,500 ఇస్తామంటే 3,000 చాలని పోర్టల్‌లోనే తగ్గించుకోవచ్చు. సెమిస్టర్ మొదలయ్యాక అంత అవసరం పడలేదని తెలిస్తే, డబ్బు విడుదలైన 120 రోజుల లోపు మిగిలింది వెనక్కి ఇచ్చేయండి. ఆ భాగానికి వడ్డీ గానీ ఫీజు గానీ పడదు.